రెండు రోజుల నగర విహారంలో ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి: ఏ పూటకి ఏ దారి మేలు?

శుక్రవారం సాయంత్రం దిగి, ఆదివారం మధ్యాహ్నం దాటాక తిరుగు ప్రయాణం పెట్టుకున్నారనుకుందాం. లెక్కేస్తే చేతిలో ఉండేవి ఆరు పూటలు. అందులో మొదటి రాత్రి ప్రయాణ బడలికకు పోతుంది, చివరి మధ్యాహ్నం బండి టైము హడావిడికి పోతుంది. నింపాదిగా కూర్చుని తినగలిగేవి నాలుగు మిగులుతాయి. ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకున్న చోట్లు మాత్రం ఇరవై దాకా ఉంటాయి. ఆ ఇరవైలో ఏది గొప్పది అని వెతుకుతూ కూర్చుంటే తేలదు. ఏ పూటకి ఎలాంటి చోటు సరిపోతుందో ముందు తేల్చుకుంటే జాబితా దానంతటదే నాలుగైదుకి దిగుతుంది.

## ముందు చూడాల్సినవి

సమయం. తినే సమయం ఒక్కటే లెక్క కాదు. వెళ్లడం, టేబుల్ కోసం ఆగడం, ఆర్డర్ రావడం, బిల్లు కట్టడం, వెనక్కి రావడం అన్నీ కలిపి చూడాలి. మామూలు నడకలో నిమిషానికి 80 మీటర్లు పోతారు, అంటే 15 నిమిషాల నడక 1.2 కిలోమీటర్లు. ఆ లోపల ఉన్న భోజనం గంటంబావులో ముగుస్తుంది. అదే బండెక్కి అరగంట వెళ్లాల్సిన చోటైతే రెండున్నర గంటలు రాసి పెట్టుకోండి. చూడాల్సిన ప్రదేశాల్లో ఒకటి ఎగిరిపోయేది సాధారణంగా ఇక్కడే.

పట్టు విడుపు. టైము మారితే చెల్లుతుందా? వర్షం పడినా, మ్యూజియంలో ఆలస్యమైనా, పిల్లాడు నిద్రపోయినా సర్దుకోగలిగే పూటలు కొన్ని ఉండాలి.

పూర్తి ఖర్చు. మెనూలో రాసిన ధర మీద పన్ను, సర్వీస్ చార్జి, రానుపోను బండి ఖర్చు, కొన్నిచోట్ల కనీస బిల్లు నిబంధన, ప్రవేశ రుసుము కలుస్తాయి. ఇద్దరు వెళ్లినప్పుడు బండి ఖర్చు ఒక్కోసారి భోజనంలో సగం దాకా ఉంటుంది. నలుగురు పంచుకుంటే అది పట్టించుకోనక్కర్లేదు.

పొట్ట భద్రత, ఆహార నియమాలు. రెండు రోజుల యాత్రలో ఒక రోజు పొట్ట పాడైతే సగం యాత్ర పోయినట్టే. నెల రోజుల ప్రయాణంలో చేసే సాహసాలు ఇక్కడ గిట్టుబాటు కావు. శాకాహారం, అలెర్జీ, మధుమేహం లాంటివి ఉంటే ఈ అంశాన్ని అన్నిటికన్నా పైకి జరపండి.

రుచి ఈ వరసలో లేదేమిటని అనిపించవచ్చు. పై నాలుగూ దాటిన చోట్ల మధ్య ఎంచుకోవడానికే రుచిని వాడాలి. మొదట రుచి చూసుకుని మిగతావి తర్వాత సర్దుకుందామంటే అవి సర్దుకోవు.

## ఒక్క చూపులో

| దారి | పట్టే సమయం | టైము మార్చుకోవచ్చా | ఖర్చు | పొట్టకి రిస్కు | బాగా నప్పే పూట |
|---|---|---|---|---|---|
| బస చేసే హోటల్ భోజనం | 30–45 నిమిషాలు | కొంతవరకు | మధ్యస్థం | తక్కువ | ఉదయం |
| ముందే బుక్ చేసిన రెస్టారెంట్ | 1.5–3 గంటలు | కుదరదు | ఎక్కువ | తక్కువ | మధ్యాహ్నం |
| మార్కెట్లు, వీధి బండ్లు | మీ ఇష్టం | పూర్తిగా | తక్కువ | ఎంపికను బట్టి | సాయంత్రం |
| గైడ్‌తో ఫుడ్ వాక్ | దాదాపు 3 గంటలు | కుదరదు | ఎక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | మొదటి రోజు |
| వంటగది ఉన్న బస | వండే సమయం, సరుకుల సమయం | పూర్తిగా | తక్కువ | మీ చేతిలో | ఉదయం, పిల్లల పూటలు |
| గదికి తెప్పించుకోవడం | 40–60 నిమిషాలు | చాలావరకు | మధ్యస్థం | మధ్యస్థం | చేరిన రాత్రి |

## బస చేసే హోటల్లోనే

గది బుక్ చేసేటప్పుడు కనిపించే పొడి అక్షరాల అర్థం తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఈపీ (EP) అంటే గది మాత్రమే. సీపీ (CP) అంటే గదితో పాటు ఉదయపు అల్పాహారం. ఎంఏపీ (MAP)లో అల్పాహారంతో పాటు ఒక ప్రధాన భోజనం, ఎక్కువగా రాత్రిది. ఏపీ (AP)లో మూడు పూటలూ ఉంటాయి. నగరానికి వెళ్తూ ఎంఏపీ, ఏపీ తీసుకోవడం దాదాపు ఎప్పుడూ దండగే. డబ్బు ముందే కట్టేశాం కదా అని ఎక్కడున్నా గదికి పరుగెత్తుకు రావాల్సి వస్తుంది. చుట్టుపక్కల తిండి దొరకని బసలకు పుట్టిన ప్లాన్లవి.

సీపీ సంగతి వేరు. ఈపీ, సీపీ ధరల తేడాను తలకి ఇంతని పంచి, దగ్గర్లో అల్పాహారం ఎంతవుతుందో దానితో పోల్చండి. కాస్త ఎక్కువైనా సీపీ వైపే మొగ్గవచ్చు, ఎందుకంటే పొద్దున్నే తెరిచే చోటు వెతుక్కునే శ్రమ తప్పుతుంది. అయితే రెండు సంగతులు ముందే అడగాలి. "అల్పాహారం ఉచితం" అన్నది చాలాచోట్ల ఇద్దరికే, మూడో మనిషికి, కొంత వయసు దాటిన పిల్లలకి విడిగా వసూలు చేస్తారు. రెండోది, తెల్లవారుజామున బయల్దేరే రోజు ఉంటే ముందు రాత్రే రిసెప్షన్‌లో చెప్పి పొట్లం కట్టించుకోవాలి. పొద్దున చెబితే వంటగదిలో మనిషే ఉండడు.

బఫేలో మొదటి అరగంటలోనే వెళ్లండి. వేడి పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లటిది 5 డిగ్రీల లోపు ఉండాలన్నది ఆహార భద్రతలో మూల సూత్రం. మధ్యలో ఉన్నదంతా సూక్ష్మజీవులు వేగంగా పెరిగే వేడిమి. మూత తీసి ఉన్న ట్రేలో మూడు గంటల తర్వాత మిగిలిన గుడ్డు ఆ మధ్యలోనే ఉంటుంది. అప్పటికప్పుడు వేసిచ్చే కౌంటర్ ఉంటే నేరుగా దాని దగ్గరికే పోవాలి.

## ముందే బుక్ చేసుకునే రెస్టారెంట్

ఇలాంటివి రోజుకి ఒకటి మించకూడదు. రెండు పెట్టుకుంటే మధ్యలో ఉన్న సమయమంతా గడియారం చూడటంతో సరిపోతుంది.

చాలామంది రాత్రి భోజనానికే బుక్ చేస్తారు. మధ్యాహ్నం మేలు. ఖరీదైన చోట్లు చాలావాటిలో మధ్యాహ్నం సెట్ మెనూ, అంటే వంటకాలు, ధర ముందే ఖాయం చేసిన భోజనం ఉంటుంది. వంటగది అదే, ధర తక్కువ, టేబుల్ దొరకడం తేలిక. భారీగా తిన్నాక నడవడానికి సాయంత్రం మిగులుతుంది, రాత్రికి తేలికగా బయట కానిచ్చేయవచ్చు. వేడుక కోసం వెళ్తున్నవాళ్లకి, దీపాల వెలుగు కావాలనుకునే జంటకి మాత్రం రాత్రే సరైనది. అక్కడ ఆదా లెక్కలు పనికిరావు.

బుక్ చేసేటప్పుడు ఇవి కనుక్కోండి:

- వారంలో సెలవు రోజేది. మ్యాపులో "తెరిచి ఉంది" అని చూపించినా పండగ రోజుల సంగతి ఫోన్ చేస్తేనే తెలుస్తుంది.
- ఆఖరి ఆర్డర్ ఎన్నింటికి. రాత్రి 11కి మూసేచోట వంటగది 10 లేదా 10:30కే ఆగిపోవచ్చు. పదిన్నరకి వెళ్లి మెనూలో సగం లేదనిపించుకోవడం మామూలే.
- ఆలస్యమైతే టేబుల్ ఎంతసేపు ఉంచుతారు. చాలాచోట్ల 15 నిమిషాలు.
- టేబుల్‌కి కాలపరిమితి ఉందా. గంటన్నర, రెండు గంటలని పెట్టేవాళ్లున్నారు.
- అడ్వాన్స్ ఎంత, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే తిరిగొస్తుంది.

వరుసగా చిన్న చిన్న వంటకాలు వడ్డించే టేస్టింగ్ మెనూకి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. పిల్లలతో, నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లతో అది శిక్ష. వెళ్లే నగరంలో రెస్టారెంట్లకి నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ ఉంటే నక్షత్రాల కన్నా బిబ్ గుర్మాండ్ జాబితా ముందు చూడండి. నక్షత్రాలు 1926లో మొదలయ్యాయి. బిబ్ గుర్మాండ్ 1997లో వచ్చింది, అందుబాటు ధరలో మంచి భోజనం పెట్టే చోట్లకి ఇస్తారు. నక్షత్రమైనా కంచంలో ఉన్నదానికే, హంగులకి కాదు. కాబట్టి నక్షత్రం ఉన్నచోట వైభోగం ఉంటుందని అనుకోవద్దు.

## మార్కెట్లు, వీధి బండ్లు

నగరం రుచి తెలిసేది ఇక్కడే, తప్పులు జరిగేదీ ఇక్కడే. "జనం ఉన్నచోట తినండి" అన్నది అందరూ చెప్పే సలహా. అది సగమే నిజం. జనం ఉండటం వల్ల పదార్థం నిలవ ఉండదు, వచ్చింది వచ్చినట్టు అమ్ముడుపోతుంది, అది మంచిదే. కానీ రద్దీ ఎక్కువైతే ముందే సగం వండి కుప్ప పోసి, అడిగినప్పుడు ఒక నిమిషం వేడి చూపించి ఇస్తారు. పైన వేడిగా, లోపల గోరువెచ్చగా ఉంటుంది. వరస ఎంత పొడుగుందని కాకుండా, పచ్చి సరుకు పొయ్యి మీదకెక్కి పొగలు కక్కుతూ మీ చేతికి రావడం కళ్లారా కనిపిస్తోందా అన్నది చూడండి.

వండిన పదార్థం మామూలు వేడిమిలో రెండు గంటలు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. అన్నంతో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వండాక బయట వదిలేసిన అన్నంలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి తయారుచేసే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వేయించి ఇచ్చే అన్నం అప్పుడు వండిందా, పొద్దుటిదా అన్నది ఇందుకే ముఖ్యం.

పొయ్యి మీద ఉన్నదానికన్నా పక్కన ఉన్నవాటితోనే ఇబ్బంది ఎక్కువ. పచ్చి పచ్చళ్లు, నీళ్లు కలిపిన సాసులు, కోసి పెట్టిన పళ్లు, ఐసు, తడిగా ఉన్న ప్లేటు. తొక్క తీసుకుని తినే పండు, పొడి ప్లేటు, కాగితం మీద వడ్డించిన వేడి పదార్థం నిశ్చింత. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద ఆల్కహాల్ శానిటైజర్ సరిగా పనిచేయదు.

ఇద్దరున్నప్పుడు ఒక్కో చోట ఒక్క ప్లేటే తీసుకోండి. ఐదు చోట్ల రుచి చూడవచ్చు. మొదటి బండి దగ్గరే రెండు ప్లేట్లు తినేస్తే మిగతా మార్కెట్ చూడటానికే మిగులుతుంది. ఆకలి రుచెరగదని ఊరికే అనలేదు. నకనకలాడుతూ వెళ్తే కనిపించిన మొదటి బండి దగ్గరే ఆగిపోతారు. చిన్న నోట్లు వెంట ఉంచుకోండి, దగ్గర్లో మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే చూసుకోండి.

## గైడ్‌తో ఫుడ్ వాక్

గైడ్ వెంట నడుస్తూ పలు చోట్ల రుచి చూసే ఈ నడక ఖరీదెక్కువ అనిపిస్తుంది. కానీ కొత్త నగరంలో మొదటి రోజు పెట్టుకుంటే మిగతా పూటలకి కావాల్సిన సమాచారం కూడా దొరుకుతుంది: ఏ వీధి ఏ టైముకి నిండుతుంది, ఏ వంటకం ఎవరి దగ్గర తినాలి, ఏది యాత్రికుల కోసమే పెట్టింది. ఆఖరి రోజు పెట్టుకుంటే ఈ లాభమంతా పోతుంది. శాకాహారులు బుక్ చేసే ముందు ఎన్ని చోట్ల శాకాహారం ఉంటుందో సంఖ్య అడగాలి. "ఏర్పాటు చేస్తాం" అంటే రెండు చోట్ల తిని మిగతాచోట్ల నిలబడటమని అర్థం కావచ్చు. గుంపు పన్నెండు మందికి మించితే వెనకున్నవాళ్లకి గైడ్ మాట వినపడదు. ఆ రోజు ముందు పూట తినకుండా ఉండటం మర్చిపోవద్దు.

## వంటగది, డెలివరీ

రెండు రాత్రులకి పూర్తి భోజనం వండుకోవడం గిట్టదు. నూనె, ఉప్పు, మసాలా అన్నీ కొనాలి, సగం పారేసి రావాలి. వంటగది విలువ చంటిపిల్లలు, పథ్యం ఉన్నవాళ్లు, తీవ్ర అలెర్జీ ఉన్నవాళ్లు ఉన్నప్పుడే తెలుస్తుంది. ఇలాంటి బస తీసుకుంటే ఫొటోలో పొయ్యి కనిపించిందని సరిపెట్టుకోకండి. కెటిల్, పదునున్న కత్తి, ఒక గిన్నె, పనిచేసే ఫ్రిజ్ ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

డెలివరీ అన్నది ఊరు చేరిన రాత్రి కోసం. పది దాటాక బ్యాగులతో రెస్టారెంట్లు వెతకడం కన్నా గదికి తెప్పించుకోవడమే నయం. బయటి తిండి పైకి రానిస్తారా, కింద లాబీలో తీసుకోవాలా అన్నది ముందే కనుక్కోండి. వేపుళ్లు మూసిన డబ్బాలో తమ ఆవిరికే మెత్తబడిపోతాయి. పులుసు, కూర, అన్నం, నూడుల్స్ లాంటివి ప్రయాణాన్ని తట్టుకుంటాయి. విదేశమైతే అక్కడి నంబర్ లేకపోతే కొన్ని యాప్‌లు ఖాతానే తెరవనివ్వవు.

## తాగేవాటి సంగతి

నీళ్లు ముందు. కుళాయి నీటిని తాగవచ్చా అన్నది నగరాన్ని బట్టి మారుతుంది. అనుమానం ఉంటే గదిలోని కెటిల్‌లో తెర్లనివ్వండి: ఒక నిమిషం చాలు, సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైనున్న ఊరైతే మూడు నిమిషాలు. సీసా కొంటే మూత సీలు విరిగిన చప్పుడు రావాలి.

కాఫీ చోట్లు చూడాలనుకునేవాళ్లు వాటిని మధ్యాహ్నం మూడు లోపు పెట్టుకోవడం మంచిది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. కొత్త పరుపు మీద నిద్ర మామూలుగానే పలచగా ఉంటుంది.

మద్యం విషయంలో చోటును బట్టి లెక్క మారుతుంది. రూఫ్‌టాప్ బార్‌లో మీరు కడుతున్నది దృశ్యానికి. సూర్యాస్తమయానికి అరగంట ముందు వెళ్లి, ఒక్క గ్లాసుతో ముగించి, భోజనం ఇంకోచోట పెట్టుకోండి. అక్కడి భోజనం ఆ ధరకి తగ్గట్టు ఉండటం అరుదు. బ్రూవరీలో నాలుగు చిన్న గ్లాసుల నమూనా పళ్లెం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఒక్కోటి 150 మి.లీ. అయితే మొత్తం 600 మి.లీ. బీరు. లెక్క తేలికే: మి.లీ. సంఖ్యను ఆల్కహాల్ శాతంతో గుణించి, వందతో భాగించి, 0.79తో గుణిస్తే అందులోని ఆల్కహాల్ గ్రాముల్లో వస్తుంది. 5 శాతం బీరు 600 మి.లీ. అంటే దాదాపు 24 గ్రాములు. శరీరం గంటకి ఖర్చు చేసేది సుమారు 7 నుంచి 10 గ్రాములే. కాక్‌టెయిల్‌లో శాతం మెనూ మీద ఉండదు కాబట్టి ఈ లెక్క కుదరదు. తీపి, పులుపు ఘాటును కప్పేస్తాయి, అందుకే అవి తెలియకుండా ఎక్కుతాయి.

హ్యాపీ అవర్స్ ఆఫర్ ఏ డ్రింకులకో, ఎన్నింటి వరకో ఆర్డర్ ఇచ్చే ముందే తేల్చుకోండి. మద్యం అమ్మని రోజులు, వయసు పరిమితి చోటుని బట్టి వేరు. గుర్తింపు కార్డు ఫొటో చూపిస్తే ఒప్పుకోని ద్వారపాలకులుంటారు. తిరిగొచ్చే బండి దొరుకుతుందో లేదో చూసుకోకుండా ఊరి చివరి బార్‌కి వెళ్లొద్దు.

## ఎవరికి ఏది

జంటకి చేతిలో స్వేచ్ఛ ఎక్కువ. ఒక మధ్యాహ్నం బుకింగ్, ఒక సాయంత్రం మార్కెట్, ఒక రూఫ్‌టాప్ గ్లాసు. అంతకు మించి ఏదీ ముందే కట్టిపడేసుకోవద్దు.

పిల్లలతో వెళ్లేవాళ్లకి సీపీ గది, మధ్యాహ్నం పన్నెండుకే భోజనం. రద్దీ కన్నా గంట ముందు వెళ్తే టేబుల్, వడ్డన రెండూ త్వరగా వస్తాయి.

పెద్దవాళ్లతో వెళ్తే వంటకం కన్నా కుర్చీ ముఖ్యం. వీపుకి ఆనుకునేది, మెట్లు లేని దారి, దగ్గర్లో మరుగుదొడ్డి. ఇవి రివ్యూల్లో ఉండవు, ఫొటోల్లో వెతకాలి.

ఆరుగురు, ఎనిమిదిమంది స్నేహితుల గుంపు అన్నిటికన్నా కష్టం. అప్పటికప్పుడు అంతమందికి ఒక టేబుల్ దొరకదు, దొరికినా కొన్ని రెస్టారెంట్లు పెద్ద గుంపుకి సెట్ మెనూనే ఇస్తాయి, సర్వీస్ చార్జి దానంతటదే కలుపుతాయి. ఒకరు తాగుతారు, ఒకరు తాగరు, బిల్లు సమానంగా పంచితే లోలోపల గొణుగుడు మొదలవుతుంది. తాగేవాటి బిల్లు వేరుగా వేయమని కూర్చోగానే చెప్పండి, చివర్లో చెబితే కుదరదంటారు. ఇలాంటి గుంపుకి ఫుడ్ కోర్టు బాగా నప్పుతుంది: ఎవరికి కావాల్సింది వాళ్లు కొనుక్కుని ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు. రోజుకి రెండు పూటలు విడివిడిగా నలుగురేసి తిన్నా స్నేహమేం తగ్గదు.

ఒంటరిగా వెళ్తే బార్ కౌంటర్ సీటు అడగండి. నిండిపోయిన రెస్టారెంట్‌లో కూడా ఒక కుర్చీ దొరుకుతుంది.

అలెర్జీ ఉన్నవాళ్లు పడని పదార్థం పేరును స్థానిక భాషలో కాగితం మీద రాయించుకుని, వెయిటర్‌కి చెప్పి ఊరుకోకుండా దాన్ని వంటగదికి పంపమనాలి. పదార్థంలో లేకపోయినా అదే నూనెలో, అదే పెనం మీద వండారా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. బఫే, వీధి బండి రెండూ వీళ్లకి ప్రమాదమే, ఎందుకంటే గరిటెలు మారిపోతుంటాయి. శాకాహారులు పులుసు, సూప్ దేనితో కాచారో, సాసులో చేప ఉందో లేదో అడగాలి. "మాంసం లేదు" అన్న మాటకి ముక్కలు లేవన్నంతవరకే అర్థం.

## కూర్చడం ఎలా

మ్యాపులో ముందు చూడాల్సిన ప్రదేశాలు గుర్తుపెట్టండి, తిండి చోట్లు ఆ తర్వాత. ఒక్కో పూటకి ఆ సమయంలో మీరెక్కడుంటారో అక్కడి నుంచి పది నిమిషాల నడకలో రెండు చోట్లు చాలు, ఒకటి అసలు, ఒకటి ప్రత్యామ్నాయం. ప్రసిద్ధ కట్టడం ఎదురుగా ఉన్న రెస్టారెంట్‌కి మళ్లీ వచ్చే కస్టమర్ అవసరం లేదు. మూడు నాలుగు వీధులు లోపలికి వెళ్తే స్థానికుల మీద బతికే చోట్లు మొదలవుతాయి.

రివ్యూల్లో నలభై మంది ఇచ్చిన 4.9 కన్నా మూడు వేలమంది ఇచ్చిన 4.3 నమ్మదగినది. కొత్తవి ముందు వచ్చేలా సర్ది గత మూడు నెలలవే చదవండి, వంటమనిషి మారితే పాత పొగడ్తలకి విలువ లేదు. ఒక్క నక్షత్రం ఇచ్చినవాటిలో పార్కింగ్ గొడవలు వదిలేసి, పొట్ట పాడైందన్న మాట పదేపదే వస్తోందా చూడండి. ధరల కోసం వెబ్‌సైట్ కన్నా కస్టమర్లు పెట్టిన మెనూ ఫొటో మేలు, దాని తేదీ చూసుకోండి.

మొదట్లో అనుకున్న యాత్రకి ఇది ఇలా కుదురుతుంది:

| పూట | ఎంపిక | ముందే చేయాల్సింది |
|---|---|---|
| శుక్రవారం రాత్రి | డెలివరీ లేదా బస పక్కన | ఆఖరి ఆర్డర్ టైము కనుక్కోవడం |
| శనివారం ఉదయం | సీపీ అల్పాహారం, తేలికగా | ఏమీ లేదు |
| శనివారం మధ్యాహ్నం | బుక్ చేసిన రెస్టారెంట్ | వారం ముందు బుకింగ్, పొద్దున ఒక ఫోన్ |
| శనివారం రాత్రి | మార్కెట్ లేదా ఫుడ్ వాక్ | చిల్లర, వర్షమొస్తే ప్రత్యామ్నాయం |
| ఆదివారం ఉదయం | సీపీ అల్పాహారం, కడుపునిండా | గది ఖాళీ చేసే టైము చూసుకోవడం |
| ఆదివారం మధ్యాహ్నం | స్టేషన్ లేదా విమానాశ్రయం దారిలో | సామాను పెట్టుకునే వీలు అడగడం |

ఫుడ్ వాక్ తీసుకుంటే ఆ మధ్యాహ్నం బుకింగ్‌ని ఆదివారానికి జరపకండి, మానేయండి. తిరుగు ప్రయాణం రోజున రద్దు రుసుము ఉన్న టేబుల్ పెట్టుకుంటే బండి అయినా, డబ్బయినా ఒకటి పోతుంది. ఇంటికి ఏమైనా కట్టించుకుంటే పొడి సరుకు తీసుకోండి. చాలా విమానాశ్రయాల్లో అంతర్జాతీయ ప్రయాణాలకి చేతి సంచీలో 100 మి.లీ. మించిన ద్రవాలు రానివ్వరు. జాము, పచ్చడి, తేనె, మెత్తటి చీజ్ కూడా ద్రవాల కిందే లెక్క. అవి చెకిన్ పెట్టెలో, మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో వెళ్లాలి.